ఎడమ చేతి ఐదు మెట్లు

నా ఎడమ చేతికి యాభై ఒకటో ఏట మొదటిసారి పని పడింది. అంతకు ముందు అది చేసిందల్లా గాలి కొట్టడం. పదమూడేళ్ళప్పటి నుంచి భజనల్లో హార్మోనియం వాయిస్తున్నాను. కుడి చెయ్యి మెట్ల మీద పరుగులు తీస్తుంటే, ఎడమ చెయ్యి పెట్టె వెనకనున్న తిత్తిని ఆడిస్తూ కూర్చునేది. దానికి వేళ్ళతో పనే లేదు, అరచెయ్యి ఉంటే చాలు. క్లాంగ్‌లో మలాయ్ దేశానికి వచ్చి స్థిరపడిన మా తెలుగువాళ్ళ భజన ప్రతి శనివారం సాయంత్రం జరుగుతుంది. అక్కడి పెద్దవాళ్ళు "నీ సెయ్యి పడితేనే పాట లేస్తాది" అని మెచ్చుకుంటే కుడి చేతినే తలుచుకుని మురిసిపోయేదాన్ని. ఎడమ చేతిని ఒక్కనాడూ పట్టించుకున్న పాపాన పోలేదు.

ఇంట్లో పియానో ఒకటి ఉంది. మా అమ్మాయి కోసం పాతది కొన్నాం. ఐదో గ్రేడు దాకా నేర్చుకుని, ఒకరోజు "చాలు మా" అని మూత వేసేసింది. ఆ తర్వాత మూడేళ్ళ పాటు దాని మీద ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు పేరుకుపోయాయి. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. పిల్లని కేకలేసి లాభం లేదు, పందొమ్మిదేళ్ళది, కాలేజీ పిల్ల. "నువ్వు వాయించకపోతే నేను వాయిస్తాను సూడు" అని పంతం పట్టి, దానికి నేర్పిన టీచరమ్మ దగ్గరికే వెళ్ళి నిలబడ్డాను.

ఆవిడ చైనావిడ, డెబ్భై దాటిన మనిషి. మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. వయసులో ఉండగా జపాన్‌లో సంగీతం చదువుకుని వచ్చింది. మేమిద్దరం మలాయ్‌లో మాట్లాడుకుంటాం. మొదటి రోజు కుడి చేతితో ఒక కీర్తన వాయించి చూపించాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. ఆ తర్వాత నా ఎడమ చేతిని చూసి నవ్వాపుకోలేకపోయింది. అది నాకు తెలియకుండానే పియానో వెనక్కి పోయి, లేని తిత్తిని పట్టుకుని ఊపుతోంది. ఒక్కసారి కాదు, నెల రోజులు అదే తంతు. స్వరం పట్టగానే ఎడమ చెయ్యి గాలిలోకి లేచేది. "ఇక్కడ గాలి అక్కర్లేదు లా, చెయ్యి దించు" అని ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాగేది. మాట చివర అలా 'లా' తగిలించడం ఇక్కడ అందరికీ అలవాటే.

మామూలు ఏడు స్వరాల వరస నాకు అబ్బలేదు. బొటనవేలిని మిగతా వేళ్ళ కింద నుంచి దూర్చి ముందుకు పోవాలి. కుడి చేతికే అది కష్టం, ఎడమ చేతికి చెప్పనే అక్కర్లేదు. విసుగొచ్చి ఒకరోజు, "నాకు ఐదు స్వరాలుండేది ఏదైనా ఇవ్వండి, ఐదు వేళ్ళకీ ఐదు, దూర్చడాలూ గీర్చడాలూ వద్దు" అన్నాను. టీచరమ్మ కాసేపు ఆలోచించి ఒక జపాను వరస నేర్పింది. మి, ఫా, లా, టి, దో. వాళ్ళ పాత తంతి వాద్యాల మీద వాయించేదట. అన్నీ తెల్ల మెట్లే. ఎడమ చేతి చిటికెన వేలు మి మీద, ఉంగరం వేలు ఫా మీద, మధ్య వేలు లా మీద, చూపుడు వేలు టి మీద, బొటనవేలు దో మీద. చెయ్యి కొంచెం చాపితే సరిగ్గా సరిపోతుంది.

మి స్వరాన్ని షడ్జమం అనుకుని విన్నాను. స, రి, మ, ప, ద. రిషభం, ధైవతం రెండూ శుద్ధం. ఓసి, ఇది మనదే కదా అనిపించింది. కానీ మనదానిలా లేదు. హార్మోనియం మీద గాలి ఉన్నంతసేపూ స్వరం నిలబడుతుంది, నేను ఆపితేనే ఆగుతుంది. పియానో మీద కొట్టిన క్షణం నుంచే స్వరం చచ్చిపోతూ ఉంటుంది. "ఒక స్వరం పూర్తిగా పోయేదాకా విని, అప్పుడు రెండోది కొట్టు. పెలాన్ పెలాన్, తొందరేం లేదు" అనేది టీచరమ్మ. మి, ఫా ఆనుకుని ఉన్న రెండు మెట్లు, వాటి మధ్య నల్లది ఉండదు. మి పోయేదాకా విని ఫా కొడితే ఎవరో గుమ్మం దగ్గరికి వచ్చి లోపలికి రాకుండా ఆగిపోయినట్టు ఉండేది. నాకు మొదటి నుంచీ ఆ రెండింటి దగ్గర గుబులుగానే ఉండేది, కానీ భయమనిపించేంత కాదు.

రెండు నెలలైనా ఆ రెండు స్వరాలే నాకు సరిగ్గా పలకలేదు. లా, టి, దో గట్టిగా మోగేవి. మి, ఫా గొణిగేవి. ఒక్కోసారి మి అసలు పలికేదే కాదు, మెట్టు కిందికి దిగేది కానీ లోపల సుత్తి తీగకి తగిలేది కాదు. దాన్ని ఇద్దరం నవ్వులాటగానే తీసుకున్నాం. జన్మంతా గాలి కొట్టిన చెయ్యి, సోమరి చెయ్యి, దానికి వేళ్ళున్నాయని ఇప్పుడే తెలిసింది పాపం, అనుకున్నాం. కంప్యూటరు మీద కూడా నేను రెండు చూపుడు వేళ్ళతో పొడిచే రకం. పాతికేళ్ళుగా షిప్పింగ్ కాగితాలు అలాగే పొడుస్తున్నాను. అందుకని ఆఫీసులోనూ నాకేం తేడా తెలియలేదు. చిటికెన వేలుతో ఈ లోకంలో ఎవరికి ఏం పని?

ఒక బుధవారం సాయంత్రం బయట వాన దంచి కొడుతోంది. టీచరమ్మ తన చూపుడు వేలు నా చిటికెన వేలి కింద పెట్టి, "నా వేలిని కిందికి నొక్కు" అంది. నొక్కాను. "నొక్కు లా." "నొక్కుతున్నాను కదా." ఆవిడ నా మొహం వైపు చూసింది. ఉంగరం వేలి కింద పెట్టింది, మధ్య వేలి కింద పెట్టింది. తర్వాత కుడి చేతికి అదే పరీక్ష చేసింది. ఆవిడ మొహంలో నవ్వు లేదు. పుస్తకం మూసేసి, "ఇది సోమరితనం కాదు. డాక్టరుకి చూపించు" అంది.

 వానలో గొడుగు వేసుకోకుండానే ఇంటికి నడిచాను.

మా అన్నయ్య సంగతి చెప్పాలి. మా పుట్టింటి ఊరు సుంగై సిపుట్‌లో వాడికి మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపు ఉండేది. నాకంటే ఆరేళ్ళు పెద్ద. భజనలో నేను హార్మోనియం, వాడు తాళాలు. నాకు పెళ్ళయి క్లాంగ్ వచ్చేశాక కూడా పండక్కి వెళ్తే ఇద్దరం పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. ఏడేళ్ళ కిందట అలా కూర్చున్నప్పుడు పాట మధ్యలో వాడి ఎడమ చేతిలోంచి తాళం జారి నేల మీద దొర్లుకుంటూ పోయింది. అందరం నవ్వాం. నేనే అందరికంటే ఎక్కువ నవ్వాను. "ఏటన్నయ్యా, ముసలోడివైపోనావా?" అన్నాను. వాడూ నవ్వి, "సేతికి గ్రీజు ఉండిపోనాది లాగుంది" అన్నాడు.

గ్రీజు కాదు. మొదట చిటికెన వేలు, తర్వాత చెయ్యి, తర్వాత రెండో చెయ్యి. చొక్కా గుండీలు వదిన పెట్టేది. తర్వాత కాళ్ళు, ఆ తర్వాత నాలుక. ఇపో పట్నంలో పెద్ద డాక్టర్లు చూసి, నరాలు ఎండిపోయే జబ్బు, మందు లేదు అన్నారు. రెండేళ్ళు కూడా గడవలేదు. ఆఖరి నెలల్లో వాడు కళ్ళతోనే మాట్లాడేవాడు. ఒక డాక్టరు మమ్మల్ని పక్కకి పిలిచి, "ఇది కొన్ని కుటుంబాల్లో ఒకరి తర్వాత ఒకరికి వస్తుంది, కొన్నిటిలో రాదు. మీది ఏదో చెప్పలేం" అన్నాడు. చెప్పకపోయినా బాగుండేది. ఆ మాట మా ఇంట్లో ఆ తర్వాత ఎవరమూ ఎత్తలేదు. మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. మామయ్య మంచం పక్కన కూర్చుని చెంచాతో గంజి పట్టేది.

ఇప్పుడు అర్థమైంది కదా, నేను డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదో. వెళ్తే తెలిసిపోతుంది. తెలియనంతవరకూ అది లేనట్టే కదా అని నా పాడు బుద్ధి. పైగా నాకొక్కదానికే అయితే సరే, నాకు వచ్చిందంటే మా రక్తంలో ఉందన్నమాట. నా వెనక ఎవరున్నారు? ఒక్కగానొక్క కూతురు. 

డాక్టరుకి బదులు ఆ జపాను వరసనే పరీక్షగా పెట్టుకున్నాను. రోజూ పొద్దున్న ఆరున్నరకి స్నానం చేసి దీపం పెట్టి, తడి జుట్టుతోనే పియానో ముందు కూర్చునేదాన్ని. ఎడమ చేతితో మూడుసార్లు. మి, ఫా, లా, టి, దో. మూడుసార్లూ ఐదూ పలికితే ఆ రోజుకి నాకేం లేదు. ఒక్కటి తప్పినా ఆ రోజు నాకు అన్నం సయించేది కాదు. మొదట్లో నిజాయితీగానే చేశాను. తర్వాత మోసం మొదలుపెట్టాను. మణికట్టు ఒక పక్కకి వాల్చి బరువంతా చిటికెన వేలి మీద వేస్తే మి ఎలాగోలా మోగేది. మోగింది, మోగింది అని లేచి కాఫీ కలుపుకునేదాన్ని. నా చెవులు అంత వెర్రివి కావు, వేలు పలికిన మి వేరు, మణికట్టు పలికించిన మి వేరు అని వాటికి తెలుసు. అయినా లేచిపోయేదాన్ని.

ఆఫీసులో తలుపేసుకుని ఫోనులో వెతికేదాన్ని. చదివింది చదివినట్టు నా ఒంట్లో కనబడేది. నాలుక కింద చీమలు పాకినట్టు కదులుతుందని ఎక్కడో రాశారు. బాత్రూము అద్దంలో నాలుక చాపి చూసుకున్నాను. కదులుతోంది! నాలుక చాపితే ఎవరిదైనా కదులుతుందని తర్వాత తెలిసింది కానీ, ఆ రోజు పైప్రాణాలు పైనే పోయాయి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్యనున్న కండ పల్లం పడుతుందని ఇంకోచోట రాశారు. రెండు చేతులూ దీపం ముందు పెట్టి పోల్చుకున్నాను. ఎడమ చేతిలో నిజంగానే చిన్న పల్లం ఉంది. అది ఎప్పటి నుంచో ఉందేమో, ఎవరు చూశారు? అన్నయ్యది అలాగే ఉండేది. వాడి చెయ్యి ఆఖర్లో ఎండిన ఆకులా మంచం మీద పడి ఉండేది.

ఆ శనివారాల్లో భజనకి వెళ్ళడం అన్నిటికంటే నరకం. పెట్టె ముందు కూర్చుని తిత్తి మీద చెయ్యి వేస్తే ఏ ఇబ్బందీ లేదు. పాట లేచేది. "ఈ వారం భలే వాయించినావమ్మా" అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. తాళాలు ఇప్పుడు వేరే అతను వేస్తున్నాడు. అతని చేతిలోని ఇత్తడి బిళ్ళలనే చూస్తూ, అవి జారతాయేమోనని ఎదురుచూస్తూ వాయించేదాన్ని. అతని చేతులు శుభ్రంగా ఉన్నాయి, నావే పోతున్నాయి. మధ్యలో ఒకసారి చరణం మరిచిపోయి ఆగిపోతే, ఎండకి కళ్ళు తిరిగినట్టున్నాయని ఎవరో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

టీచరమ్మకి అబద్ధం చెప్పాను. డాక్టరుకి చూపించాను, ఏం లేదన్నారు అన్నాను. ఆవిడ నమ్మలేదు. "చీటీ చూపించు" అంది. చీటీ ఎక్కడుంది చూపించడానికి? "అయితే క్లాసు లేదు. చూపించుకుని రా, అప్పుడు కూర్చుందాం" అని పియానో మూత మూసి దాని మీద పిల్లిని కూర్చోబెట్టింది. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. నీకు ఎందుకమ్మా నా గొడవ, నా ఫీజు నువ్వు తీసుకోవడం లేదా, అని నోటికొచ్చిందల్లా అనేశాను. ఆవిడ గేటు దాకా వచ్చి నా చెప్పులు సరిచేసి పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి సిగ్గుతో ఏడ్చాను.

వరసగా రెండు బుధవారాలు క్లాసుకి వెళ్ళకపోయేసరికి మా ఆయనకి అనుమానం వచ్చింది. ఆయన పోర్టులో సూపర్‌వైజరు. మనిషి బక్కపలచన, గొంతు పెద్దది.

"ఏటి, పియానో పిచ్చి వొదిలీసినాదా?" అన్నాడు చొక్కా విప్పుతూ.

"ఒంట్లో బాగునేదు."

"ఒంట్లో ఏటయినాది?"

"ఏటీ అవనేదు. మీకన్నీ సెప్పాలా?"

"సెప్పకపోతే నాకెలాగ తెలుస్తాది లా? రెండు నెలలై సూస్తన్నాను, అన్నం కెలికి వొదిలేస్తన్నావు. నాతోటి మాటాడతం నేదు."

ఇంక ఆగలేకపోయాను. ఎడమ చెయ్యి ఆయన ముందు చాపి, "అన్నయ్యకొచ్చిందే నాకూ వొచ్చినాది" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.  ఆయన చొక్కా సగం విప్పినవాడు విప్పినట్టే కుర్చీలో కూలబడ్డాడు. నా చిటికెన వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, మోటారు సైకిలు భాగమేదో చూస్తున్నట్టు. 

"రేపే ఎల్దాం" అన్నాడు ఆఖరికి.

"పాపకి సెప్పకండి."

"సెప్పను."

"ఒట్టు."

"ఒట్టు లా. రేపు లీవు పెట్టీసెయ్యి."

మర్నాడు పొద్దున్నే హాస్పిటల్‌కి వెళ్ళాం. పిల్లకి ఆఫీసు పనని చెప్పాం. నాలుగు గంటలు కుర్చీల్లో కూర్చున్నాక ఒక డాక్టరమ్మ పిలిచింది. తమిళమ్మాయి, మా అమ్మాయి కంటే పదేళ్ళు పెద్దదేమో. తమిళంలోనే ఆప్యాయంగా అడిగింది. ఎప్పటి నుంచి? ఏ వేళ్ళు? ఇంట్లో ఎవరికైనా ఉందా? అన్నయ్య గురించి మా ఆయన చెప్పాడు. డాక్టరమ్మ రాసుకోవడం ఆపి తల ఎత్తింది.

"ఆంటీ, ఆ రెండు వేళ్ళకి తిమ్మిరి ఉంటుందా? మొద్దుబారినట్టు? ముట్టుకుంటే సరిగ్గా తెలియకపోవడం?"

ఉంది. కొన్ని నెలలుగా చిటికెన వేలి చివర దూది చుట్టినట్టే ఉంది. వంటింట్లో వేడి గిన్నె పట్టుకుంటే మిగతా వేళ్ళు చురుక్కుమనేవి, అది ఊరుకునేది. కానీ బలం లేదని ఇప్పటికే ఒప్పుకున్నాను, ఇంకో బాధ కూడా కలిపితే జబ్బు ఇంకా పెద్దదవుతుందని నా లెక్క. ఎంత తక్కువ చెబితే అంత తక్కువ జబ్బు. చిన్నప్పుడు అమ్మకి జ్వరం దాచినట్టు దాచాను.

"లేదమ్మా. తిమ్మిరేం లేదు. అన్నీ బాగా తెలుస్తాయి" అన్నాను.

సూదితో మెల్లగా గుచ్చి, తెలుస్తోందా అంది. ఆ, తెలుస్తోంది అన్నాను. ఆ అమ్మాయి మొహం నేను చూస్తూండగానే మారింది. మా ఆయన వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసి, "నరాల డాక్టరుకి రాస్తాను, తొందరగా చూడమని రాస్తాను" అంది. తొందరగా అన్న మాట నా చెవిలో గంట కొట్టినట్టు మోగింది.

తొందరగా అంటే పద్దెనిమిది రోజులు. ఆ పద్దెనిమిది రోజులూ ఎలా గడిచాయో నాకే తెలియదు. పియానో జోలికి వెళ్ళలేదనుకుంటున్నారా? రోజుకి మూడుసార్లు కాస్తా పదిసార్లయింది. అన్నం వారుస్తూ వచ్చి ఒకసారి, బట్టలు ఆరేసి వచ్చి ఒకసారి. మి పలక్కపోతే ఇంకోసారి, పలికితే నమ్మకం చాలక ఇంకోసారి. మా ఆయన హాల్లో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని వింటూ ఉండేవాడు, పేజీ తిప్పేవాడు కాదు. పిల్ల ముందు మాత్రం ఇద్దరం ఎక్కడలేని హుషారు నటించేవాళ్ళం. ఆయనైతే అవసరం లేని చోట కూడా నవ్వేవాడు. నాన్నకి పిచ్చెక్కిందనుకుంటుందేమో ఆపండి అని నేను వంటింట్లో చిన్నగా కసురుకునేదాన్ని.

నరాల డాక్టరు పెద్దాయన, మలాయ్ మనిషి. చేతికి వైర్లు అతికించి కరెంటు పెట్టారు. మణికట్టు దగ్గర ఒకసారి, మోచేతి దగ్గర ఒకసారి, ఇంకా పైన ఒకసారి. ప్రతిసారీ చెయ్యి దానంతట అది ఎగిరిపడేది. తర్వాత కండలోకి సూదులు. నొప్పి సంగతి నాకు గుర్తే లేదు. ఆయన కళ్ళు తెర మీద ఉన్నాయి, నా కళ్ళు ఆయన మొహం మీద ఉన్నాయి. ఆయన కనుబొమలు ముడివేశాడు. అయిపోయింది, నా పని అయిపోయింది అనుకున్నాను. మా అమ్మాయి పెళ్ళి కూడా చూడనా అనుకున్నాను. దేవుడా, నన్ను తీసుకుపో కానీ నా పిల్ల జోలికి వెళ్ళకు అని లోపల లోపలే మొక్కుకున్నాను.

"మకచిక్, మీకు ఈ వేళ్ళు మొద్దుబారడం లేదని రాశారే?" అన్నాడు. మా ఊళ్ళో పెద్ద ఆడవాళ్ళని అందరూ మకచిక్ అనే పిలుస్తారు. "ఈ యంత్రం అలా చెప్పడం లేదు. స్పర్శ తెలిసే నరమే సగం పని చెయ్యడం లేదు. కొన్ని నెలలుగా మొద్దుబారి ఉండాలి. నిజం చెప్పండి."

దొరికిపోయాను. తల దించుకుని, ఉంది అన్నాను. ఎందుకు చెప్పలేదు అన్నాడు. భయం వేసింది అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా ఊపిరి వదిలాడు. మీ అన్నగారి జబ్బులో చెయ్యి బలం పోతుంది కానీ స్పర్శ పోదు అన్నాడు. స్పర్శ కూడా పోయిందంటే ఇది ఆ దారి కాదు, నరం ఎక్కడో నలుగుతోందన్నమాట. తిమ్మిరి లేదని నేను చెప్పినందుకే ఆ చిన్న డాక్టరమ్మ భయపడి తొందరగా చూడమని రాసిందట. నా మోచేతి లోపలి వైపు ఎముక పక్కన వేలితో తట్టాడు. చిటికెన వేలి దాకా జివ్వుమంది. ఇక్కడే నలిగింది అన్నాడు. మోచెయ్యి వంచి దేని మీదైనా చాలాసేపు ఆనిస్తారా అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా చెక్క పెట్టె అంచుకి మోచెయ్యి ఆనించి గాలి కొడుతున్నానని చెప్పాను. ఆయన నమ్మలేనట్టు చూసి, ఆ పెట్టెకి మెత్త కుట్టించుకోండి అన్నాడు. చిన్న ఆపరేషను కావాలి, చిటికెన వేలికి పూర్తి బలం రావచ్చు, రాకపోవచ్చు. ప్రాణానికి ఏం లేదు. నడవాలో మా ఆయన గోడకి చేరగిలి ఏడ్చాడు. పోర్టులో అంతమందిని గదమాయించే మనిషి, నర్సులు చూస్తున్నా లెక్కచెయ్యలేదు.

దార్లో రొట్టె చనాయ్ తిన్నాం, మూడు నెలల్లో మొదటిసారి నాకు ఆకలేసింది. ఇంటికొచ్చేసరికి పిల్ల కాలేజీ నుంచి వచ్చి హాల్లో ఉంది. ఇంక దాచేదేముంది, ఇద్దరం పోటీపడి చెప్పేశాం. వేలు బలం తగ్గింది, మామయ్యకొచ్చింది అనుకుని భయపడ్డాం, కాదట, మోచేతి నరమట, చిన్న ఆపరేషనట. మా ఆయన చేతులు తిప్పుతూ యంత్రం ఎలా పని చేసిందో కూడా చెప్పాడు. పిల్ల మధ్యలో అడ్డు రాలేదు. ఎగిరి నన్ను కౌగిలించుకుంటుందనుకున్నాను. అది సోఫాలో నిటారుగా కూర్చుని తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వింది.

"అంటే మన ఫ్యామిలీలో అది లేదా మా? డాక్టర్ అది సెప్పినాడా?"

"నాకు నేదు అన్నాడమ్మా. నాకు నేదు."

"నీకు లేదు. ఓకే." తన ఎడమ చేతిని చూసుకుంది. "మరి నాది?"

"నీదేటి?"

లేచి వెళ్ళి పియానో ముందు కూర్చుంది. ఎడమ చెయ్యి చాపి మెట్ల మీద పెట్టింది. చిటికెన వేలు మి మీద, బొటనవేలు దో మీద. ఆ వరస దానికి నేను నేర్పలేదు.

"నువ్వు ఆఫీసుకి ఎల్లినాక నేను రోజూ వాయిస్తాను. మామయ్యది కూడా స్మాల్ ఫింగర్‌లోనే కదా స్టార్ట్ అయినాది. నువ్వు మార్నింగ్ వాయిస్తుంటే రూమ్‌లోంచి వింటాను. నీ మి రాకపోతే, ఆ రోజు నాది కూడా వీక్‌గా ఉంటాది మా. నిజంగా ఉంటాది. నువ్వు సూడు."

 మా ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూడలేకపోయాను. మూడు నెలలు నా గదిలో నేను, తన గదిలో అది. పందొమ్మిదేళ్ళ పిల్ల, ఒక్కర్తీ. దాని పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. భయం పోయిందనుకున్న గంటకే మళ్ళీ వచ్చింది, ఈసారి నా కోసం కాదు, అందుకని పదింతలై వచ్చింది. నరాల డాక్టరు నా చెయ్యి చూశాడు కానీ దాని చెయ్యి చూడలేదు కదా.

"వాయించమ్మా" అన్నాను.

వాయించింది. మి. పోయేదాకా ఆగింది. ఫా. లా. టి. దో. మణికట్టు వాలిందేమోనని నేను దాని చేతినే చూస్తున్నాను. వాలలేదు. ఐదూ శుభ్రంగా, సమానంగా పలికాయి. నా చెవులు ఈ విషయంలో మోసపోవు.

"ఎలాగుంది మా?"

"బాగుంది. ఏటీ నేదు నీకు. ఐదూ బాగున్నాయి" అన్నాను, తల నిమిరాను.

తర్వాత, "ఇంకోసారి వాయించు" అన్నాను.